ముందు ఎవరిని చూపించాలి డాక్టరు గారూ?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఊరు. 2021 మే నెలలో మా మామయ్య గారు హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో కరోనాతో పోయారు. బాడీ ఇవ్వలేదు. మున్సిపాలిటీ వాళ్ళే దహనం చేశారు. మా వారు ఒక్కడే కొడుకు. తలకొరివి పెట్టలేకపోయారు, శ్మశానం గేటు దగ్గర నిలబడి చూశారంతే. అస్థికలు ఇస్తే భద్రాచలంలో గోదావరిలో కలిపాం. దినవారాలు ఐదుగురితో అయిపోయాయి.

వార్డు నుంచి మామయ్య గారు ఫోన్ చేసి "కళ్ళజోడు మర్చిపోయాను, పంపించండి" అన్నారు. పంపాం గానీ లోపలికి చేరలేదు. మా అత్తయ్యకి (72) ఇప్పటికీ రోజూ అదే మాట. ఆయన ఫోన్ నెలనెలా రీచార్జ్ చేయిస్తారు. ఎవరైనా దగ్గితే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటారు. నిద్ర పట్టదంటే మెడికల్ షాపులో అడిగి మాత్ర తెచ్చి వేస్తున్నాం. మా వారికి 48. ఫైనాన్స్‌లో తీసుకున్న రెండు ట్రావెల్స్ కార్లూ లాక్‌డౌన్‌లో పోయాయి. ఇప్పుడు ఒకరి దగ్గర పనిచేస్తున్నారు, రోజూ రాత్రి తాగనిదే పడుకోరు. బాబుకి 20, ఇంజనీరింగ్ మూడో ఏడాది. ఐదు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. గదిలోంచి రాడు. "బతికి ఏం చేయాలి" అని ఒకసారి అన్నాడు, కోపంలో అన్నాడులే అనుకున్నాం. పాపకి తొమ్మిది. బడి ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటుంది, చదవమంటే కూడబలుక్కుంటుంది. నాకేం లేదు గానీ అంబులెన్స్ మోత వింటే అరచేతులు చెమటలు పడతాయి.

అందరూ మర్చిపోయారు, మా ఇల్లే ఎందుకు తేరుకోలేదు? ఐదుగురినీ డాక్టరుకి చూపించే స్తోమత మాకు లేదు. ముందు ఎవరిని చూపించాలి? డాలస్‌లో ఉండే మా ఆడపడుచు "ఇంకా ఎన్నాళ్ళు కరోనా పేరు చెప్పుకుంటారు" అంటుంది. ఆమెకి ఏం చెప్పాలి?

సమాధానం:

అమ్మా, ముందు మీ అబ్బాయిని. అదీ ఈ వారంలోనే.

మీ ఉత్తరం నిండా అత్తయ్య గారే ఉన్నారు. అది సహజం, రోజంతా ఆవిడే మీ కళ్ళ ముందు ఉంటారు. కానీ మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన "బతికి ఏం చేయాలి" దగ్గర నేను ఆగిపోయాను. ఆ మాట కోపంలో వచ్చినా సరే, ఇరవై ఏళ్ళ పిల్లవాడి నోట్లోంచి వచ్చినప్పుడు "అన్నాడులే" అని ఊరుకోకూడదు. మీరే అడగండి. చుట్టూ తిప్పి కాదు, సూటిగానే అడగండి: "ఆ రోజు అలా అన్నావు కదా నాన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితే ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది. అవునన్నా, మాట దాటేసినా, నవ్వి ఊరుకున్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడికి చూపించండి. ఎలా చేసుకోవాలో కూడా ఆలోచించాడని తెలిస్తే అదే రోజు తీసుకెళ్ళండి, అప్పటిదాకా ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మాత్రల డబ్బాలు లాంటివి ఇంట్లో వాడి చేతికి అందకుండా ఈ రోజే తీసేయండి.

టెలీమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. మీ అబ్బాయి చేయనంటే మీరే చేసి, పిల్లవాడితో ఎలా మాట్లాడాలో అడగొచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక మీ ఇల్లే ఎందుకు తేరుకోలేదన్నారు. మీ ఇల్లు ఒక్కటే కాదమ్మా. కరోనా మొదటి ఏడాదిలోనే ప్రపంచం మొత్తం మీద ఆందోళన, డిప్రెషన్ దాదాపు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. ఎక్కువ దెబ్బ తగిలింది యువతకీ ఆడవాళ్ళకీ అని కూడా అదే నివేదికలో ఉంది. మనం పెద్దవాళ్ళే ఎక్కువ కుంగిపోయి ఉంటారనుకుంటాం. జబ్బు వాళ్ళ ఒంటికి ప్రమాదం గానీ, మనసు విషయంలో చాలా దేశాల్లో చేసిన సర్వేల్లో మొదటి ఏడాది కుర్రవాళ్ళకంటే పెద్దవాళ్ళే సగటున నిబ్బరంగా ఉన్నట్టు తేలింది. కరువులూ తుఫానులూ చావులూ చూసిన ప్రాణాలు మరి. ఆ సగటులో మీ అత్తయ్య గారు లేరు. ఎందుకు లేరో తర్వాత చెప్తాను.

మీ ఐదుగురూ ఒకే ఇంట్లో, ఒకే రెండేళ్ళు గడిపారు. అయినా ఐదుగురికీ జరిగింది ఒకటి కాదు. ఏ వయసుకి ఏది అవసరమో సరిగ్గా అదే ఒక్కొక్కరి దగ్గర్నుంచి పోయింది. అందుకే "అందరికీ వచ్చిందే కదా, మనమూ మర్చిపోవాలి" అనే ఒకే మందు మీ ఇంట్లో ఎవరికీ పనిచేయడం లేదు.

బాబు సంగతి చూడండి. 2020లో లాక్‌డౌన్ పెట్టేనాటికి వాడికి పదిహేను. ఆ వయసులో పిల్లలు అమ్మానాన్నల దగ్గర్నుంచి మెల్లగా జరిగి స్నేహితుల మధ్యకి వెళ్తారు. నేనెవరు, నాకు ఏది వచ్చు, నలుగురిలో నా స్థానం ఏంటి అన్నది అక్కడే తేల్చుకుంటారు. తగువు పడటం, మళ్ళీ కలిసిపోవడం, ఒక అమ్మాయితో మాట్లాడబోయి తడబడటం, మాస్టారు తిడితే సిగ్గుపడి మర్నాడు మళ్ళీ అదే క్లాసులో కూర్చోవడం, ఇవన్నీ ఆ వయసు చదువే. మీవాడి పదో తరగతి టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ పాఠాల్లోనూ, ఒక ఫోన్ తెర మీదా గడిచింది. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతుల పిల్లలకి బడులు తెరిచి, మార్చి నెల పూర్తవకుండానే మళ్ళీ మూసేశారు. పరీక్షలు రద్దయ్యాయి, అందరూ పాస్. అప్పుడు మనమంతా "హమ్మయ్య" అనుకున్నాం. కానీ ఆ పిల్లలకి "కరోనా బ్యాచ్" అని పేరు పడింది. చుట్టాల ఇళ్ళలో, కాలేజీలో, ఇంటర్వ్యూల్లో నవ్వుతూనే అంటారు. పరీక్ష రాసి తప్పినవాడికి మళ్ళీ రాసి గెలిచే అవకాశం ఉంటుంది. రాయకుండానే పాసైనవాడికి తనకి నిజంగా వచ్చో రాదో తనకే తెలియదు. ఇంటర్, తర్వాత ఇంజనీరింగ్... ఒక్కో మెట్టు దగ్గరా ఆ అనుమానం పెరుగుతూ పోతుంది. ఐదు బ్యాక్‌లాగ్స్ వెనక బద్ధకమే ఉందని నేననుకోను.

అలాగని అంతా కరోనా ఖాతాలో వేయకండి. నాలుగేళ్ళయింది. ఈలోగా కాలేజీలో ర్యాగింగ్ జరిగి ఉండొచ్చు, ప్రేమ వ్యవహారం ఉండొచ్చు, ఆన్‌లైన్ బెట్టింగ్‌లో డబ్బు పోయి ఉండొచ్చు. అప్పు యాప్‌ల వాళ్ళు ఫోన్లు చేస్తున్నారేమో కూడా కనుక్కోండి. ఇంజనీరింగ్ పిల్లల విషయంలో ఈ మధ్య నేను ఈ చివరి రెండూ తప్పకుండా అడుగుతున్నాను. మార్కుల గురించి మాత్రం నెల రోజులు ఎత్తకండి. రాత్రంతా మేలుకుని పగలు పడుకుంటుంటే ముందు నిద్ర వేళలు సరిచేయాలి. పొద్దున ఒకే వేళకి లేపి ఓ అరగంట ఎండలో తిరిగేలా చూడండి. మీ వారు పాలకో కూరగాయలకో వెళ్తూ వాణ్ణి బండి ఎక్కించుకుంటే ఇంకా మంచిది. బండి మీద ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు కాబట్టి మగవాళ్ళు ఇంట్లో అనలేని మాటలు దారిలో అనేస్తారు.

అక్కణ్ణుంచే మీ వారి దగ్గరికి వస్తాను. నలభై, యాభై ఏళ్ళ మగవాళ్ళ బాధ ఏడుపు రూపంలో రావడం తక్కువ. చిరాకు, మౌనం, సీసా... మన ఇళ్ళలో డిప్రెషన్‌కి చాలాసార్లు ఇవే ముఖాలు. సంపాదించాల్సిన వయసులో సంపాదన పోయింది. తండ్రిని బతికించాల్సిన చోట బయట నిలబడాల్సి వచ్చింది. ఆపైన, ఒక్కడే కొడుకై ఉండి తలకొరివి పెట్టలేదన్న మాట. ఇది ఆయన మీతో ఎన్నిసార్లు అన్నారో నాకు తెలియదు. ఒక్కసారి కూడా అనలేదేమో. కొడుకు చేయాల్సిన ఒకే ఒక్క పని చేయలేకపోయానన్న బాధ గుండెల్లో పెట్టుకున్న మనిషిని "ఎందుకు తాగుతున్నావు" అని రోజూ అడిగితే వచ్చే జవాబు కోపమే.

తాగినప్పుడు మాట్లాడకండి. పొద్దున మాట్లాడండి. నిద్ర కోసమే తాగుతున్నానంటే ఒక విషయం చెప్పండి: మందు త్వరగా మత్తు తెస్తుంది గానీ తెల్లవారుజాము నిద్రని చెడగొడుతుంది. అందుకే మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి గుండె దడదడలాడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రోజూ బాగా తాగే మనిషి మాల వేసుకునో, ఒట్టు పెట్టుకునో ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, చెమటలు, కొందరికి ఫిట్స్, మాటలు తడబడి ఎవరినీ గుర్తుపట్టకపోవడం కూడా జరుగుతాయి. ఇది ప్రాణం మీదికి తెచ్చేదే. కాబట్టి మానే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మాన్పించడానికి మందులున్నాయి. ప్రభుత్వాసుపత్రిలో కూడా చూస్తారు. కార్ల అప్పు, ఆసుపత్రి అప్పు, తాకట్టులో ఉన్న బంగారం, అన్నీ ఒక కాగితం మీద ఇద్దరూ కూర్చుని రాయండి. తీర్చడం తర్వాత. ఎంత ఉందో ఆయన ఒక్కడి తలలోనే ఉండటం కంటే ఇద్దరికీ తెలియడం నయం.

మీ అత్తయ్య గారు. ఆవిడ చేయించే మామయ్య గారి ఫోన్ రీచార్జ్ ఆపకండి. ఎవరైనా "పిచ్చి అనుకుంటారు, మాన్పించు" అంటే వినకండి. అది పిచ్చి కాదు. మనకి చావు తర్వాత చేయాల్సినవి బోలెడున్నాయి. వాకిట్లో పడుకోబెట్టడం, స్నానం చేయించడం, నలుగురూ వచ్చి గొల్లుమనడం, పదో రోజు, పదకొండో రోజు, పెద్దకర్మ, భోజనాలు, చుట్టాలు వారాల తరబడి ఇంట్లో ఉండటం. ఈ తతంగమంతా పోయినవాళ్ళ కోసమేనని అనుకుంటాం గానీ, మనిషి పోయాడని ఉన్నవాళ్ళ చేత మెల్లమెల్లగా నమ్మించేది కూడా అదే. మీ అత్తయ్య గారు యాభై ఏళ్ళ కాపురం చేసిన మనిషిని కారెక్కించి పంపారు, తిరిగి ఒక కుండ వచ్చింది. మధ్యలో ఏమీ లేదు. ఆయన మొహం చూడలేదు. అందుకే ఆవిడ మనసు ఆ కళ్ళజోడు దగ్గరే నిలిచిపోయింది. పెద్దవాళ్ళు నిబ్బరంగా ఉన్నారన్న ఆ సగటులో ఆవిడ లేరన్నది ఇందుకే. కడసారి చూపు దక్కనివాళ్ళ దుఃఖం లెక్క వేరు.

ఏళ్ళు గడిచినా తగ్గకుండా రోజువారీ బతుకుని ఆపేసే ఇలాంటి దుఃఖాన్ని ఇప్పుడు వైద్యంలో విడిగా ఒక సమస్యగా గుర్తిస్తున్నారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దానికి చోటుంది. ఆరు నెలలు దాటినా, ఆ ఇంటి, ఆ సమాజపు ఆచారాన్ని మించి అదే తీవ్రతతో ఉంటే దాన్ని పట్టించుకోవాలి. దీనికి మాటలతో చేసే చికిత్స బాగా పనిచేస్తుంది. డిప్రెషన్ కూడా తోడైతే మాత్రలు సాయపడతాయి గానీ, ఉత్త మాత్రలతో ఈ బెంగ పోదు. ముందు ఒంటికి సంబంధించిన పరీక్షలు చేయించండి: థైరాయిడ్, బి12, షుగరు, వినికిడి. పెద్దవాళ్ళలో డిప్రెషన్ తరచుగా ఒళ్ళు నొప్పులుగానో, ఆకలి లేకపోవడంగానో, మతిమరుపుగానో కనిపిస్తుంది. మెడికల్ షాపు నిద్ర మాత్ర మాత్రం నాకు భయంగా ఉంది. ఆ వయసులో అవి రాత్రిపూట తూలి పడేలా చేస్తాయి, తుంటి ఎముక విరిగితే మంచాన పడటమే. జ్ఞాపకశక్తి కూడా మందగిస్తుంది. అయితే చాలాకాలం వాడి ఉంటే అదీ ఒక్కరోజులో ఆపకూడదు. మాత్ర అట్ట పట్టుకెళ్ళి డాక్టరుకి చూపించండి, మెల్లగా తగ్గిస్తారు.

ఇంకో మాట. ఎవరైనా దగ్గితే గదిలోకి వెళ్తారన్నారు. ఆవిణ్ణి వాదించి బయటికి లాగకండి, అలాగని భోజనం గదిలోకి పంపించి అలవాటు కూడా చేయకండి. మాస్కు పెట్టుకునే సరే, సాయంత్రం గుడి దాకా పావుగంట వెళ్ళి రమ్మనండి. మీరు తోడు వెళ్ళండి. అలా భయాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొంటేనే తగ్గుతుంది, తప్పించుకున్నకొద్దీ పెరుగుతుంది.

ఆవిడకీ, మీ వారికీ కలిపి ఒక పని చెప్తాను. వచ్చే వైశాఖంలో మామయ్య గారి తిథి వస్తుంది కదా. ఈసారి ఆబ్దికం ఇంట్లోవాళ్ళతో కానివ్వకండి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళందరినీ పిలవండి, పెద్దకర్మకి పిలిచినట్టే. తలకొరివి విషయంలో మనసుకి ఊరట కలిగే విధి ఏదైనా ఉందేమో మీ పురోహితుడు గారిని అడగండి. మీ వారిని మళ్ళీ గోదావరి దగ్గరికి తీసుకెళ్ళి, ఈసారి హడావిడి లేకుండా తర్పణం వదలనివ్వండి. భోజనాలయ్యాక అందరూ కూర్చుని మామయ్య గారి గురించి మాట్లాడుకోవాలి. ఆయన ఆఖరి పది రోజులు కాదు, అంతకుముందు డెబ్భై ఏళ్ళు. కళ్ళజోడు మాట అత్తయ్య గారు మళ్ళీ ఎత్తుతారు, ఎత్తనివ్వండి. "మన తప్పేం లేదులే" అని నోరు మూయించకుండా "అవును, పంపాం, చేరలేదు" అనండి చాలు. నేను వైద్యుణ్ణే గానీ, ఇలాంటి చోట నా మందుల చీటీ కంటే ఈ భోజనాల మీదే నాకు నమ్మకం ఎక్కువ.

పాప గురించి నాకు పెద్ద దిగులు లేదు. నాలుగేళ్ళప్పుడు అమ్మ కొంగు వదిలి బడికి వెళ్ళడం నేర్చుకోవాలి. ఆ వయసులోనే "బయటికెళ్తే జబ్బొస్తుంది" అని విన్నది. తర్వాత బయటికెళ్ళిన తాతయ్య తిరిగి రాలేదు. ఇక బడికి పోనంటే తప్పా? ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించి, ఏమీ లేదంటే కడుపునొప్పి ఉన్నా బడికి పంపండి. అది నటన కాదు, భయానికి నిజంగానే కడుపులో తిప్పుతుంది. గేటు దగ్గర ఎక్కువసేపు ఓదార్చకుండా టాటా చెప్పి వచ్చేయండి. టీచరుకి ముందే చెప్పి ఉంచండి. చదువు వెనకబాటు మీ పాప ఒక్కదానిదే కాదు. దేశంలో పల్లెల్లో పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే ప్రకారం రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం ఉంటే, 2022కి 20.5కి పడిపోయారు. 2024కి మళ్ళీ దాదాపు పాత స్థాయికి వచ్చారు. అంటే పట్టించుకుంటే కూడదీసుకుంటారు. నానమ్మ పక్కన కూర్చుని రోజూ ఒక కథ పైకి చదివితే ఇద్దరికీ పనికొస్తుంది. తప్పు చదివినా మధ్యలో ఆపవద్దని నానమ్మకి చెప్పండి.

"నాకేం లేదు గానీ" అని మీ గురించి ఒక్క వాక్యం రాశారు. ఆసుపత్రి బెడ్ కోసం, ఆక్సిజన్ కోసం ఎవరు ఫోన్లు చేశారు, ఎవరు తిరిగారు అన్నది మీరు రాయలేదు, కానీ ఆ అరచేతుల చెమట చెప్తోంది. పీడకలలు వస్తున్నా, ఆ ఆసుపత్రి దారి తప్పించుకుని తిరుగుతున్నా మీరూ చూపించుకోవాలి. అది నయమవుతుంది. మిగతావాళ్ళ వంతు అయ్యాక కాదు, అబ్బాయితో వెళ్ళినప్పుడే మీ పేరు మీద కూడా ఓపీ చీటీ తీయండి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, చీటీకీ మందులకీ మీ స్తోమత అడ్డు రాదు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే లాభం లేదని ఆపేయవద్దు. వాటికి బానిసలవుతారన్న భయమూ వద్దు. అయితే ఆపేటప్పుడు మాత్రం డాక్టరుని అడిగి మెల్లగా ఆపాలి.

మీ ఆడపడుచుకి ఏం చెప్పాలన్నారు. ఆమె మాట మిమ్మల్ని నొప్పించింది, ఒప్పుకుంటాను. కానీ పోయింది ఆమె తండ్రి కూడా. 2021 మేలో ఇండియా నుంచి అమెరికాలోకి రాకపోకల మీద ఆంక్షలున్నాయి, వీసా మీద ఉన్నవాళ్ళు వస్తే తిరిగి వెళ్ళగలమో లేదో తెలియని రోజులవి. ఆమె ఆ దహనాన్ని వాట్సాప్‌లో చూసిందో, అదీ చూడలేదో. "ఇంకా ఎన్నాళ్ళు" అని ఆమె అడుగుతున్నది మిమ్మల్నేనా అని నాకు అనుమానం. జవాబు చెప్పకండి. ఫోన్ చేసి వైశాఖంలో తిథి ఎప్పుడొస్తుందో చెప్పి, ఇప్పుడే టికెట్ చూసుకోమనండి.